ఆరోగ్య రికార్డులకు కావలి: గుర్తింపు టోకెను పనిచేయు విధము

ప్రభుత్వ ఆసుపత్రికి పోయిన రోగి మొదట ఓపీ చీటీ వ్రాయించుకొనును. ఆ చీటీమీద రోగి పేరు, వయస్సు, తేదీ, పోవలసిన విభాగము, ఆసుపత్రి ముద్ర ఉండును. అది చేతిలో నున్నంతవరకు రోగి ప్రతి గదిముందును నిలిచి, తన యూరును ఇంటిపేరును చెప్పుకొని, తాను తానేనని సాక్ష్యము చూపవలసిన పనిలేదు. వైద్యుడు చీటీ చూచును. రక్తపరీక్ష గదిలోనివారు చీటీ చూతురు. మందుల కిటికీవద్ద చీటీ చూచియే మాత్రలిత్తురు. నిన్నటి చీటీతో నేడు మందులు పుట్టవు. కంటి విభాగమునకు వ్రాసిన చీటీని ఎముకల విభాగమువారు తీసికొనరు. ముద్ర లేని చీటీని ఎవరును లెక్కచేయరు.

నేడు రోగుల వివరములు చాలచోట్ల కంప్యూటరులలో నిలువయై యున్నవి. రక్తపరీక్ష ఫలితము ఒకచోట, ఎక్స్‌రే మఱొకచోట, వైద్యుడు వ్రాసిన మందుల పట్టిక వేఱొకచోట నుండును. వీనిని చేరవలసినవారికి చేర్చుటలోను, చేరకూడనివారికి చేరకుండ ఆపుటలోను యంత్రములు కూడ తుదకు ఈ చీటీ పద్ధతినే అవలంబించినవి. ఆ చీటీకే గుర్తింపు టోకెను అని పేరు. అది కాగితము కాదు, బిళ్ళ కాదు. కొన్ని వందల అక్షరముల పొడవుగల ఒక వ్రాత మాత్రమే. సెల్ ఫోనులో ఆరోగ్యమునకు సంబంధించిన యాప్ తెరచిన ప్రతివాడును, తాను ఎఱుగకుండగనే, అట్టి వ్రాతను దినమునకు పలుమార్లు చూపుచున్నాడు.

ఈ కావలి తప్పినచో కలుగు కీడు అల్పమైనది కాదు. పోయిన డబ్బును మఱల సంపాదించుకొనవచ్చును. బ్యాంకువారు ఖాతా సంఖ్యను మార్చి యీయగలరు. కాని ఒకనికి క్షయ యున్నదని పని యిచ్చు యజమానికి తెలిసిన తరువాత, పెండ్లి కావలసిన పిల్లకు మూర్ఛరోగము కలదని చుట్టములలో ప్రాకిన తరువాత, ఆ మాటను వెనుకకు తీసికొను ఉపాయము లేదు. రెండవ వైపు కీడును కలదు. కావలి మితిమీరి, అధికారముగల వైద్యునికే రికార్డు అందకపోయినచో, పెన్సిలిన్ పడని రోగికి ఆ సూదిమందే పడవచ్చును. ఒక తప్పును మాన్పబోయి రెండవ తప్పును చేయకుండుటయే ఇందలి కష్టము.

కిటికీలు

ఆసుపత్రి కంప్యూటరులోని రికార్డును ఫోనులోని యాప్ తనంత తాను తెరచి చూడజాలదు. చూడనిచ్చుట క్షేమమును కాదు. అందుచే ఆసుపత్రి కంప్యూటరు ఒక కిటికీని ఏర్పఱచును. ఆ కిటికీవద్ద ఏయే ప్రశ్నలు అడుగవచ్చునో, ఏ రూపమున అడుగవలెనో, సమాధానము ఏ రూపమున వచ్చునో ముందే నిర్ణయింపబడి యుండును. ఇట్టి కిటికీని ఏపీఐ అందురు. రైల్వే స్టేషనులో టిక్కెట్ల కిటికీ వెనుక ఏ యంత్రము కలదో ప్రయాణికునికి అక్కఱలేనట్లే, ఏపీఐ వెనుక నున్న ఏర్పాటు అడుగువానికి తెలియనక్కఱలేదు.

కొన్ని కిటికీలు అందఱికిని తెఱచియే యుండును. 2021లో కోవిడ్ టీకాల కొఱకు ఏర్పాటైన కోవిన్‌లో, ఫలాని పిన్ కోడు పరిధిలో టీకా కేంద్రములెవ్వి, ఏ దినమున ఎన్ని స్థానములు ఖాళీగా నున్నవి అను ప్రశ్నలను ఎవరైనను అడుగుటకు వీలుండెను. అందు ఎవరి రహస్యమును లేదు. కాని టీకా వేయించుకొన్నవారి ధ్రువపత్రమును తీసికొను కిటికీ అట్టిది కాదు. అచ్చట మొదట ఫోను సంఖ్య నీయవలెను. ఆ ఫోనునకు ఓటీపీ వచ్చును. దానిని తిరిగి చెప్పినచో కోవిన్ ఒక టోకెను నిచ్చును. ఆ టోకెనును చూపినపుడే ధ్రువపత్రము వచ్చును. ఇట్లు టోకెను లేనిదే తెఱవబడని కిటికీలనే రక్షిత ఏపీఐలని వ్యవహరించుచున్నారు.

టోకెను ఎందులకు?

ప్రతి కిటికీవద్దను పాస్‌వర్డునే చెప్పినచో సరిపోదా యను సందేహము సహజమైనది. సరిపోదు. పాస్‌వర్డు ఇంటి అసలు తాళపుచెవి వంటిది. దానిని పది కిటికీలకు చూపినచో పదింటిలో ఏ యొకటి దొంగల పాలైనను ఇల్లంతయు పోవును. పైగా పాస్‌వర్డునకు గడువు లేదు, హద్దు లేదు. దానిని తెలిసికొన్నవాడు యజమాని చేయగల పనులన్నిటిని చేయగలడు. ఓటీపీ సంగతి చెప్పనక్కఱలేదు. ఒక రిపోర్టు తెఱచుటకు యాప్ పదిమార్లు కిటికీకి పోవలసియుండగా, పదిమార్లు ఓటీపీ నడిగినచో రోగి విసిగి యాప్‌నే తీసివేయును. కావున నమ్మదగిన ఒక్క చోటనే రోగి తన్ను తాను ఋజువు చేసికొనును. ఆ చోటివారు అతనికి ముద్ర వేసిన టోకెను నిత్తురు. తరువాతి కిటికీలన్నియు టోకెనునే చూచును. పాస్‌వర్డును ఎన్నడును చూడవు.

టోకెను అను మాటకు తెలుగు వెదుకుట వ్యర్థప్రయాస. బ్యాంకులో చెక్కునిచ్చి ఇత్తడి బిళ్ళను పుచ్చుకొన్న తరమువారికి ఆ మాట బాగుగ తెలియును. అర్థమునకు మిక్కిలి దగ్గఱగా వచ్చు పాతమాట అభిజ్ఞానము. లంకలో సీతకు హనుమంతుడు చూపిన ఉంగరము అభిజ్ఞానమే: అది రాముని యొద్దనుండి వచ్చినదని ఆమె గుర్తించుటచేతనే వచ్చినవాని మాట చెల్లినది. శకుంతల కథలో ఉంగరము నీటిపాలగుటచే రాజు భార్యనే ఎఱుగనన్నాడు. నేటి కిటికీలును అట్లే. టోకెను లేనివాడు ఎంత నిజమైన యజమానియైనను వానిని కిటికీ ఎఱుగదు.

అయితే ఒక తేడాను గమనింపవలెను. ఓపీ వరుసలో నిలుచువారికి 47, 48 అని ఇచ్చు సంఖ్యలను కూడ టోకెనులనియే అందురు. 2022 నుండి కొన్ని ఆసుపత్రులలో గోడమీది క్యూఆర్ కోడును ఫోనుతో స్కాను చేసి ఓపీ నమోదు చేయించుకొను సౌకర్యము వచ్చినది. అందును ఒక టోకెను సంఖ్య వచ్చును. అది వరుసను తెలుపునది మాత్రమే. దానిని ప్రక్కవాడు చూచినను నష్టము లేదు. గుర్తింపు టోకెను ఫోనులో కనబడకుండ దాగియుండునది. దానిని ప్రక్కవాడు చూడరాదు.

టోకెనులో నున్న దేమి?

ఎక్కువగా వాడుకలోనున్న టోకెనునకు జేడబ్ల్యూటీ అని పేరు. దీని ప్రమాణమును అంతర్జాతీయ ఇంజనీర్ల సంఘము 2015 మే నెలలో ప్రకటించినది. ఇందు చుక్కలచే విడదీయబడిన మూడు భాగములుండును. మొదటి భాగము ముద్రను ఏ పద్ధతిలో వేసిరో తెలుపును. రెండవది అసలు విషయము. మూడవది ముద్ర.

రెండవ భాగములో ఉండు అంశములు ఓపీ చీటీలోని వానికి అచ్చముగా సరిపోవును. టోకెనును ఇచ్చినవారెవరు, అది ఎవరిని గూర్చినది, ఏ కిటికీ కొఱకు ఇచ్చినది, ఏ వేళ ఇచ్చిరి, ఏ వేళతో చెల్లకుండ పోవును. ‘ఎవరిని గూర్చినది’ అనుచోట రోగి పేరునకు బదులు సాధారణముగ ఒక సంకేత సంఖ్య యుండును. వేళను గడియారపు లెక్కలో వ్రాయరు. గ్రీనిచ్ కాలమానము ప్రకారము 1970 జనవరి 1వ తేది ఆరంభమైన అర్ధరాత్రినుండి, అనగా మన దేశపు గడియారము తెల్లవాఱుజామున 5.30 చూపుచుండిన క్షణమునుండి, గడచిన సెకనుల సంఖ్యను వ్రాయుదురు. ఆ సంఖ్యకు ఇప్పుడు పది అంకెలున్నవి. రెండు యంత్రముల గడియారములు కొలది సెకనులు తేడాగా నున్నచో సరియైన టోకెను కూడ త్రోసివేయబడవచ్చును గనుక, కిటికీలు కొంత సడలింపు నిచ్చుట వాడుక.

ఇచ్చట చాలమంది పొరబడు విషయమొకటి కలదు. టోకెను చూచుటకు అర్థములేని అక్షరముల గుంపువలె కనబడును. అందుచే అందలి సంగతులు రహస్యముగ నున్నవని భ్రమ కలుగును. అది నిజము కాదు. ఆ అక్షరములు మఱియొక లిపిలో వ్రాసినట్టివే గాని, తాళము వేసినవి కావు. ఆ లిపిని మార్చి చదువుట కంప్యూటరు తెలిసిన పిల్లవానికి నిమిషము పని. టోకెను కార్డుముక్క వంటిది, అంటించిన కవరు కాదు. కావున రోగి వ్యాధి పేరును గాని ఆధార్ సంఖ్యను గాని టోకెనులో వ్రాసిన సాఫ్ట్‌వేరు తయారీదారు, రోగి గుట్టును కార్డుముక్కమీద వ్రాసి పంపినవాడే యగును. ముద్ర టోకెనును మార్చకుండ ఆపును, చదువకుండ ఆపదు.

ముద్ర

మార్చకుండ ఎట్లాపును? ఈ భాగము కొంచెము నిదానముగ చదువదగినది. ఏలయన మొత్తము కట్టడమునకు ఇదియే పునాది.

రబ్బరు స్టాంపును ఎవరైనను చెక్కించుకొనవచ్చును. దొంగ ముద్రల కథలు మన కచేరీలలో కొల్లలుగా కలవు. 1976లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు చెందిన డిఫీ, హెల్‌మన్ అను ఇరువురు ఒక క్రొత్త ఆలోచనను ప్రకటించిరి: తాళపుచెవి ఒకటిగాక జంటగా నుండి, అందొకటి రహస్యముగను, రెండవది లోకమునకు తెలిసియు ఉండవచ్చును. మఱుసటి యేడు ఎంఐటీలో రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ అను మువ్వురు దానిని పెద్ద సంఖ్యల గుణకారముమీద ఆధారపఱచి ఆచరణలోనికి తెచ్చిరి. రెండు పెద్ద సంఖ్యలను గుణించుట సులభము. వచ్చిన లబ్ధమునుండి ఆ రెంటిని తిరిగి కనుగొనుట, సంఖ్యలు చాలినంత పెద్దవైనచో, నేటి కంప్యూటరులకు అలవికాని పని. ఈ అసమానతయే ముద్రకు బలము.

టోకెను నిచ్చు యంత్రము మొదటి రెండు భాగములను తీసికొని, ఒక గణితపు మరలో వేసి, వానికి గుర్తుగా ఒక నిర్ణీతమైన పొడవుగల సంఖ్యను రాబట్టును. వ్రాతలో ఒక్క అక్షరము మాఱినను ఆ సంఖ్య పూర్తిగా వేఱగును. ఆ సంఖ్యకు తన రహస్యపు చెవితో లెక్కవేసి వచ్చిన ఫలితమునే మూడవ భాగముగా అతికించును. కిటికీ చేయు పని దీనికి ఎదురుగా నుండును. అదియు వచ్చిన వ్రాతను అదే మరలో వేసి సంఖ్యను రాబట్టును. ముద్రను బహిరంగపు చెవితో విప్పి అందలి సంఖ్యను చూచును. రెండును సరిపోయినచో వ్రాత మాఱలేదని తేలును. సరిపోని యెడల టోకెనును త్రోసివేయును. గడువును ఒక్క దినము పొడిగింపదలచి ఎవడైన ఒక అంకెను దిద్దినచో ముద్ర చెడును. రహస్యపు చెవి లేనిదే క్రొత్త ముద్రను వేయలేడు.

ఈ ఏర్పాటులోని లాభము మన దేశపు దూరములకు మిక్కిలి అనుకూలమైనది. జిల్లా ఆసుపత్రి కంప్యూటరు ప్రతి టోకెనునకు ఢిల్లీకి పోయి ‘ఇది మీరిచ్చినదేనా’ యని అడుగవలసిన పనిలేదు. బహిరంగపు చెవి తనయొద్ద నున్నంతవరకు తన గదిలోనే తేల్చుకొనును. టోకెను నిచ్చువారు తమ బహిరంగపు చెవులను అందఱికిని తెలిసిన చోట ఉంచెదరు. అప్పుడప్పుడు పాత చెవులను తీసి క్రొత్తవానిని పెట్టెదరు. ఒకే చెవిని ఇరుప్రక్కల దాచుకొను పద్ధతియు కలదు గాని, అది ఒకే కప్పుక్రింద నున్న చిన్న యేర్పాటులకే తగును. పరిశీలించువారి సంఖ్య పెరిగిన కొలది రహస్యము రహస్యముగా మిగులదు.

కిటికీవద్ద విచారణ

ముద్ర సరిపోయినంత మాత్రమున తలుపు తీయరాదు. టోకెను నిచ్చినవారు తాను నమ్మిన సంస్థయేనా, గడువు దాటినదా, తనకొఱకు వ్రాసినదేనా అని కిటికీ విచారింపవలెను. ఈ మూటిలో కడపటిదానిని అశ్రద్ధ చేయుట కద్దు. ఉదాహరణకు ఒక వ్యక్తి బరువు తగ్గుటకు పనికివచ్చునని ఏదో చిన్న యాప్‌లో, తన ఆసుపత్రిలో వాడు గుర్తింపుతోనే ప్రవేశించెననుకొందము. ఆ యాప్ యజమాని చేతికి టోకెను వచ్చును. ముద్ర నిజమైనది, ఇచ్చినవారు నిజమైనవారు, గడువును మించలేదు. దానిని పట్టుకొని అతడు ఆసుపత్రి కిటికీకి పోయినచో ఆపునదేమి? ‘ఎవరికొఱకు’ అను ఒక్క పంక్తియే. దానిని చూడని కిటికీ, కంటి చీటీకి ఎముకల మందు నిచ్చినట్లే.

మొదటి భాగమును గ్రుడ్డిగా నమ్ముటయు ప్రమాదకరము. ముద్ర పద్ధతిని తెలుపుచోట ‘ముద్ర లేదు’ అని వ్రాయుటకు ప్రమాణములో వీలు కలదు. కొన్ని సాఫ్ట్‌వేరులు ఆ మాటను చూచి, పరిశీలింప ముద్రయే లేదు గనుక టోకెను సరియైనదని తీర్మానించుచున్నట్లు 2015లో బయటపడినది. చీటీయే తనకు ముద్ర అక్కఱలేదని చెప్పగా కావలివాడు తలయూపినట్లున్నది ఆ వ్యవహారము. ఏ పద్ధతి ముద్రను అంగీకరింపవలెనో కిటికీ తానే ముందుగ నిశ్చయించుకొనియుండవలెను.

ఇంతకంటెను సామాన్యమైన లోపము వేఱొకటి. రామయ్య తన టోకెనును చూపి 1204వ సంఖ్య రిపోర్టు నడిగెను. టోకెను మంచిదే. రామయ్య రామయ్యయే. కాని 1204వ రిపోర్టు సూరమ్మది. కిటికీ టోకెనును పరిశీలించి తృప్తిపడి, రిపోర్టు ఎవరిదని చూడక ఇచ్చివేసినచో రామయ్య 1205, 1206 అని అడుగుచు పోయి ఊరివారందఱి రక్తపరీక్షలను ఇంటగూర్చుండి చదువగలడు. ఏపీఐల లోపములను పరిశీలించు ఓవాస్ప్ అను అంతర్జాతీయ సంస్థ 2019లోను, మఱల 2023లోను ప్రకటించిన పట్టికలలో ఈ దోషమునకే మొదటి స్థానము నిచ్చినది. అడుగువాడెవడో తెలిసికొనుట ఒక పని. అడిగిన వస్తువు వానిదగునా యని తెలిసికొనుట మఱొక పని. టోకెను మొదటి పనినే చేయును. రెండవదానిని ఆసుపత్రి సాఫ్ట్‌వేరు తానే చేసికొనవలెను.

గుర్తింపు వేఱు, అనుమతి వేఱు

ఇంతవరకు టోకెను అని ఏకవచనముతో చెప్పబడినను వాస్తవమునకు రెండు విధములు కలవు. 2012 అక్టోబరులో ప్రకటింపబడిన ఓఆత్ 2.0 అను పద్ధతి, ఒకరి పక్షమున ఒక యాప్ ఏ పని చేయవచ్చునో తెలుపు అనుమతి టోకెనును మాత్రమే ఎఱుగును. యాప్‌లవారు దానినే మనిషి గుర్తింపునకును వాడసాగిరి. ఇంటి తాళపుచెవి చేతిలో నున్నవాడెల్ల ఇంటి యజమాని కాడు గదా. ఈ చిక్కును తీర్చుటకు 2014 ఫిబ్రవరిలో ఓపెన్ఐడి కనెక్ట్ అను పద్ధతి వచ్చి, గుర్తింపు టోకెనును వేఱుగా నెలకొల్పినది. వచ్చినవాడెవడో, ఎప్పుడు తన్ను ఋజువు చేసికొనెనో గుర్తింపు టోకెను యాప్‌నకు తెలుపును. కిటికీవద్ద చూపవలసినది అనుమతి టోకెను.

కొన్నిచోట్ల గుర్తింపు టోకెనునే నేరుగా కిటికీకి చూపు వాడుక యున్నది. ‘ఎవరికొఱకు’ అనుచోట ఆ కిటికీ అంగీకరించు పేరే యుండి, అది పరిశీలింపబడినచో పని జరుగును. అయినను గుర్తింపు టోకెనులో పేరు, ఈమెయిలు వంటివి ఉండవచ్చును గనుక, వానిని అవసరములేని కిటికీలన్నిటికి త్రిప్పుట మంచి పద్ధతి కాదు.

ఈ టోకెనులలో ఎక్కువభాగము బ్యాంకు ఇత్తడి బిళ్ళవంటివే: చేత నున్నవానిదే సొమ్ము. కిటికీ ముఖము చూడదు. అందుచే దారిలో దొంగిలింపబడకుండ టోకెనును ఎల్లప్పుడును తాళము వేసిన మార్గమున, అనగా హెచ్‌టీటీపీఎస్ ద్వారా పంపవలెను. ఒకసారి ఇచ్చిన టోకెనును వెనుకకు పిలుచుటయు కష్టమే. ప్రతి కిటికీ తన గదిలోనే తేల్చుకొనునపుడు రద్దు వార్త దానికి చేరదు. అందుచే అనుమతి టోకెనుల గడువును నిమిషములలో పెట్టుదురు. గడువు తీరినప్పుడెల్ల రోగిని మఱల ఓటీపీ అడుగకుండ, పొడిగింపు టోకెను అను మఱియొకటి యాప్‌నొద్ద నుండును; అది కిటికీలకు చూపబడక, ఇచ్చినవారికే చూపబడి క్రొత్త టోకెనును తెచ్చును.

ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో

ఈ విషయములన్నియు మన దేశములో ఒకచోట కూడియున్నవి. 2020 ఆగస్టు 15న ఆఱు కేంద్రపాలిత ప్రాంతములలో ప్రయోగముగా మొదలై, 2021 సెప్టెంబరు 27న దేశమంతటికి విస్తరింపబడిన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌ను జాతీయ ఆరోగ్య ప్రాధికార సంస్థ నిర్వహించుచున్నది. ఇందు చేరిన వ్యక్తికి ఆభా అను 14 అంకెల సంఖ్య యుండును. చేరుట ఐచ్ఛికము. ఆభా సంఖ్య రోగిని తెలుపు పేరు వంటిదే గాని రహస్యము కాదు. దానిని తెలిసినవాడు దానితోనే రికార్డు తెఱువలేడు.

ఒక ఊరి ఆసుపత్రిలో తీసిన రిపోర్టును మఱొక ఊరి వైద్యుడు చూడవలెనన్నచో ఇందు మూడు వేఱు వేఱు ఋజువులు కావలెను. మొదటిది యంత్రముల ఋజువు: ఆసుపత్రి సాఫ్ట్‌వేరు తనకిచ్చిన గుర్తును, రహస్యమును చూపి మిషన్ ద్వారమునుండి టోకెనును పుచ్చుకొనవలెను. రెండవది రోగి ఋజువు: రోగి తన యాప్‌లో ప్రవేశించి టోకెను పొందవలెను. ఈ రెండును ఉన్నను రికార్డు కదలదు. మూడవది సమ్మతి పత్రము. ఏ వైద్యుడు, ఏ ప్రయోజనమునకు, ఏ విధమైన రికార్డులను, ఏ తేదీనుండి ఏ తేదీవరకు నున్నవానిని, ఎంతకాలము చూడవచ్చునో అందుండును. రోగి ఒప్పుకొన్న పిదప దానికి డిజిటల్ ముద్ర పడును. అటుపిమ్మట రికార్డు తాళము వేయబడి, ఒక ఆసుపత్రినుండి నేరుగా రెండవదానికి పోవును. నడుమనున్న ద్వారము దానిని చదువజాలదు.

యంత్రముల ఋజువును, మనిషి ఋజువును కలిపివేయరాదని చెప్పుటకు కారణము కలదు. 2023 జూన్‌లో కోవిన్‌లోని వివరములు టెలిగ్రాములో ఒక బాట్ ద్వారా వెలువడుచున్నవని వార్తలు వచ్చినవి. ఓటీపీ లేకుండ వివరములు ఆ బాట్‌నకు అందజాలవని కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ నాటి ప్రకటనలో చెప్పినది. ఐసీఎంఆర్ వంటి సంస్థల కొఱకు ఏర్పఱచిన ఏపీఐలలో ఒకటి ఫోను సంఖ్యతోనే వివరములిచ్చునట్టిదని చెప్పబడుచున్నదనియు, అయితే అది అనుమతి జాబితాలో నున్న నమ్మకమైన ఏపీఐనుండి వచ్చిన కోర్కెలను మాత్రమే స్వీకరించుననియు ఆ ప్రకటనయే పేర్కొన్నది. రోగి ఋజువు నడుగని కిటికీ ఎంత ఇఱుకైనదైనను, దాని భద్రత అంతయు ఆ జాబితామీదనే నిలిచియుండును.

రోగి చేతిలో నున్నది

ఎంత గొప్ప ముద్రయైనను ఓటీపీని మించి బలముగలది కాదు. ఏలయన ఓటీపీ చెప్పినవానికే టోకెను ఇయ్యబడును. వినువాడు యజమానియో, యజమాని ప్రక్కన నిలిచిన దళారియో యంత్రము ఎఱుగదు. ఆసుపత్రి కౌంటరువద్ద నమోదు కొఱకు ఓటీపీ నడిగినపుడు, ఆ సందేశములో అది ఏ పనికై వచ్చినదో వ్రాసియుండును. దానిని చదివి, చదువరానివారైనచో ఇంటివారిచే చదివించుకొని, ఆ పనికే అయినచో చెప్పవలెను. ఫోనులో ఎవరో మాటలాడుచు ‘ఆసుపత్రినుండి పిలుచుచున్నాము, వచ్చిన సంఖ్య చెప్పండి’ అన్నచో చెప్పరాదు. ముసలి తల్లిదండ్రుల ఆభాను కుమారుని ఫోను సంఖ్యతో ముడిపెట్టుట సాధారణము. అందు తప్పులేదు గాని, ఆ కుమారుడు సంఖ్యను మార్చుకొన్నపుడు ఆభాలోను మార్పించవలెను. వదలివేసిన సంఖ్యను ఫోను కంపెనీవారు కొంతకాలము తరువాత ఇతరులకిత్తురు; అటుపై ఓటీపీలు ఆ ఇతరులకే పోవును.

బజారులోని ఇంటర్నెట్ కేంద్రములో రిపోర్టును తీయించుకొన్నవారు కాగితము పుచ్చుకొని వచ్చివేయుటతో పని ముగియలేదు. ఆ కంప్యూటరులో టోకెను ఇంకను బ్రతికియుండవచ్చును. లాగౌట్ చేయించి, మఱల పేజీని తెఱచి చూచి, ఓటీపీ నడుగుచున్నదని నిశ్చయించుకొన్న తరువాతనే లేవవలెను. ఫోను పోయినచో మొదట సిమ్ కార్డును నిలుపుదల చేయించవలెను; క్రొత్త సిమ్ వచ్చిన వెంటనే యాప్‌లో ప్రవేశించి, ఇతర ఫోనులనుండి తొలగు సౌకర్యమున్నచో దానిని వాడవలెను.

ఇచ్చిన సమ్మతులన్నియు యాప్‌లో ఒక పట్టికగా నుండును. చికిత్స ముగిసిన ఆసుపత్రికిచ్చిన సమ్మతిని గడువునకు ముందే రద్దు చేయవచ్చును. రద్దయిన పిమ్మట ఆ సమ్మతితో క్రొత్తగా వివరములు అడుగుటకు వీలులేదు. అంతకు పూర్వమే ఆసుపత్రి పొందిన ప్రతుల సంగతి వేఱు. వానిని తొలగింపుమని ఆ ఆసుపత్రినే వ్రాతమూలకముగ కోరవలెను. వైద్యమునకు గాని, చట్టప్రకారము గాని ఉంచవలసిన రికార్డులైనచో ఆ మాటను వారు తెలుపుదురు. డిజిటల్ రూపమున నున్న వ్యక్తిగత వివరములను దిద్దింపుమనియు, తుడిచివేయుమనియు కోరు హక్కును 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము పేర్కొన్నది.